జీడిమెట్ల పారిశ్రామికవాడ - లైసెన్సులు, అనుమతులు

జీడిమెట్ల తెలంగాణ రాష్ట్రము, మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా, కుత్బుల్లాపూర్ మండలానికి చెందిన ప్రాంతము. ఇది హైదరాబాదు నగరానికి ఉత్తర దిశలో ఉన్నది. ఇక్కడి పారిశ్రామికవాడలో ఔషధాలు, రసాయనాలు, ఇంజనీరింగు సామాగ్రి, ప్లాస్టిక్కు, ఆహార పదార్థాలు తయారుచేసే కర్మాగారాలు ఒకదాని పక్కన ఒకటి పనిచేస్తున్నాయి. ఈ కారణంగా భారతదేశములో ఒక పరిశ్రమకు అవసరమయ్యే అధికారిక లైసెన్సులలో దాదాపు అన్ని రకాలూ ఈ ఒక్క చోటనే అమలులో కనిపిస్తాయి. ఆ లైసెన్సులు ఏవి, వాటిని ఎవరు జారీ చేస్తారు, అవి పొందటానికి ఉండవలసిన అర్హతలు ఏమిటి అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

నేపథ్యం

పూర్వపు ఆంధ్రప్రదేశ్‌లో పారిశ్రామికవాడల అభివృద్ధికై 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏపీఐఐసీ) ఏర్పడింది. జీడిమెట్ల పారిశ్రామికవాడ ఈ సంస్థ ఆధ్వర్యంలో పలు దశలుగా విస్తరించింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఈ వాడ తెలంగాణ సంస్థ పరిధిలోకి వచ్చింది. అప్పటివరకు రంగారెడ్డి జిల్లాలో ఉన్న కుత్బుల్లాపూర్ మండలం 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన మేడ్చల్ జిల్లాలో చేరింది. కుత్బుల్లాపూర్ పురపాలక సంఘం 2007లోనే హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనమైంది.

జీడిమెట్లకు చేరువలోని బాలానగర్ ప్రాంతంలో 1961లో నెలకొల్పబడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం ఉండేది. ఆ సంస్థలో శిక్షణ పొందిన రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లలో పలువురు తరువాత సొంతంగా ఔషధ పరిశ్రమలు స్థాపించారు. ఔషధ ముడి పదార్థాల పరిశ్రమ హైదరాబాదు చుట్టూ, ముఖ్యంగా జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాలలో వేళ్ళూనుకోవటానికి ఇది ఒక ప్రధాన కారణము. పరిశ్రమలతో పాటే కాలుష్యమూ వచ్చింది. కూకట్‌పల్లి నాలా ద్వారా పారిశ్రామిక వ్యర్థజలాలు హుస్సేన్‌సాగర్‌కు చేరటం దశాబ్దాల పాటు నగరానికి పెద్ద సమస్యగా ఉన్నది. లైసెన్సుల ప్రాధాన్యం ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

పదాల మధ్య భేదము

వాడుకలో అన్నిటినీ లైసెన్సు అనే అంటారు గాని, చట్టరీత్యా వీటిలో వేర్వేరు రకాలు ఉన్నాయి.

* లైసెన్సు: సాధారణంగా నిషిద్ధమైన పనిని నిర్ణీత షరతులకు లోబడి చేసుకొనటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. షరతులు ఉల్లంఘిస్తే దీనిని రద్దు చేయవచ్చును. ఉదా: ఔషధ తయారీ లైసెన్సు.
* రిజిస్ట్రేషను (నమోదు): ఒక సంస్థ ఉనికిని ప్రభుత్వ పుస్తకాలలో నమోదు చేయటం. ఉదా: జీఎస్టీ నమోదు, ఉద్యమ్ నమోదు. నమోదు ఉన్నంత మాత్రాన ఆ పని చేయటానికి లైసెన్సు ఉన్నట్లు కాదు.
* సమ్మతి: జల, వాయు కాలుష్య చట్టాల క్రింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చేది.
* నిరభ్యంతర పత్రం: ఒక శాఖ తన పరిధిలో అభ్యంతరం లేదని మరొక శాఖకు గాని, దరఖాస్తుదారునికి గాని తెలిపే పత్రం. ఉదా: అగ్నిమాపక శాఖ పత్రం.
* ధ్రువీకరణ పత్రం: ఒక యంత్రం లేదా వ్యక్తి నిర్ణీత ప్రమాణానికి తగినట్లు ఉన్నారని తెలిపేది. ఉదా: బాయిలరు ధ్రువీకరణ, బాయిలరు అటెండెంటు యోగ్యతా పత్రం.

లైసెన్సు విధానపు చరిత్ర

స్వాతంత్ర్యానంతరం పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 1951లో వచ్చింది. దీని ప్రకారం నిర్దేశిత పరిశ్రమలలో కొత్త కర్మాగారం పెట్టాలన్నా, ఉన్నదానిని గణనీయంగా విస్తరించాలన్నా కేంద్ర ప్రభుత్వపు పారిశ్రామిక లైసెన్సు తప్పనిసరి అయింది. ఈ విధానాన్ని విమర్శిస్తూ చక్రవర్తి రాజగోపాలాచారి దీనిని లైసెన్సు-పర్మిట్ రాజ్యమని పేర్కొన్నారు. 1959లో ఆయన స్థాపించిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు ఆచార్య ఎన్.జి.రంగా.

1991 జూలై 24న పి.వి.నరసింహారావు ప్రభుత్వం ప్రకటించిన పారిశ్రామిక విధానంతో 18 పరిశ్రమలు మినహా మిగిలినవాటికి పారిశ్రామిక లైసెన్సు రద్దయింది. అప్పట్లో పరిశ్రమల శాఖ కూడా ప్రధానమంత్రి వద్దనే ఉండేది. తరువాతి కాలంలో ఈ జాబితా మరింత కుదించబడి, పొగాకు ఉత్పత్తులు, రక్షణ సామాగ్రి, పారిశ్రామిక పేలుడు పదార్థాలు, కొన్ని ప్రమాదకర రసాయనాలు మాత్రమే మిగిలాయి. ఫాస్జీన్, హైడ్రోసయనిక్ ఆమ్లం, ఐసోసయనేట్లు ఈ రసాయనాలలోనివి.

1991లో తొలగినది ఎంత ఉత్పత్తి చేయాలో నిర్ణయించే లైసెన్సు మాత్రమే. కార్మికుల భద్రత, పర్యావరణం, ప్రజారోగ్యాలకు సంబంధించిన లైసెన్సులు తొలగలేదు. నిజానికి 1984 డిసెంబరులో జరిగిన భోపాల్ దుర్ఘటన తరువాత ఇవి మరింత కట్టుదిట్టమయ్యాయి. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. ప్రమాదకర ప్రక్రియలకు సంబంధించిన ప్రత్యేక అధ్యాయము 1987లో కర్మాగారాల చట్టానికి చేర్చబడింది.

స్థాపనకు ముందు పొందవలసిన అనుమతులు

పారిశ్రామికవాడలో స్థలం కేటాయింపు పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ చేస్తుంది. ఇటువంటి వాడలలో భవన నిర్మాణ అనుమతి, ఆస్తిపన్ను వసూలు వంటి స్థానిక సంస్థ అధికారాలు పారిశ్రామికవాడ స్థానిక ప్రాధికార సంస్థకు (ఐలా) అప్పగించబడి ఉంటాయి.

రసాయనాలు, ఔషధ ముడి పదార్థాల వంటి పరిశ్రమలకు 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి అవసరము. ఈ ప్రకటనలో ప్రాజెక్టులు ఎ, బి అని రెండు వర్గాలుగా విభజించబడ్డాయి. ఎ వర్గానికి కేంద్ర పర్యావరణ శాఖ, బి వర్గానికి రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు ప్రాధికార సంస్థ అనుమతి ఇస్తాయి. ఈ అనుమతి రాకముందు నిర్మాణం మొదలుపెట్టరాదు.

తరువాతి మెట్టు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపనా సమ్మతి (సీఎఫ్ఈ). దరఖాస్తులో తయారుచేసే వస్తువులు, వాటి పరిమాణం, వాడే ముడి పదార్థాలు, నీటి వినియోగం, వెలువడే వ్యర్థజలాలు, పొగ, ఘనవ్యర్థాలు, వాటిని శుద్ధి చేసే పద్ధతి చూపవలసి ఉంటుంది. బోరుబావి త్రవ్వదలచినవారు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) క్రింద కూడా అనుమతి పొందాలి.

కర్మాగారపు లైసెన్సు

కర్మాగారాల చట్టం, 1948 ప్రకారం విద్యుత్తుతో నడిచే చోట 10 మంది, విద్యుత్తు లేని చోట 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులు పనిచేసే తయారీ స్థలము కర్మాగారంగా పరిగణించబడేది. కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరు 21న నాలుగు కార్మిక నియమావళులను అమలులోకి తెచ్చింది. వాటిలో ఒకటైన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల నియమావళి, 2020 పాత కర్మాగారాల చట్టం స్థానంలోకి వచ్చింది. కొత్త నియమావళిలో ఈ పరిమితులు విద్యుత్తు ఉన్న చోట 20 మందికి, లేని చోట 40 మందికి పెరిగాయి. పాత చట్టం క్రింద జారీ అయిన లైసెన్సులు, నియమాలు కొత్త నియమావళికి విరుద్ధం కానంత మేరకు కొనసాగుతాయి.

లైసెన్సుకు ముందుగా భవన నమూనా చిత్రాలను కర్మాగారాల శాఖ ఆమోదించాలి. గాలి, వెలుతురు, అత్యవసర ద్వారాలు, యంత్రాల మధ్య ఖాళీ, మరుగుదొడ్లు వంటివి ఈ దశలోనే పరిశీలిస్తారు. లైసెన్సు రుసుమును గరిష్ఠ కార్మికుల సంఖ్య, నెలకొల్పిన అశ్వశక్తి ఆధారంగా నిర్ణయించే పద్ధతి ఉన్నది. ప్రతి కర్మాగారానికీ చట్టపరమైన బాధ్యత వహించే ఆక్యుపయర్, రోజువారీ నిర్వహణ చూచే మేనేజరు పేర్లు తెలపాలి. ప్రమాదం జరిగినపుడు చట్టం ముందుగా వెదికేది ఈ ఇద్దరినే.

ఒప్పంద కార్మికులను సరఫరా చేసే గుత్తేదారుకు వేరుగా లైసెన్సు ఉండాలి. దీనికి 1970 నాటి చట్టంలో 20 మంది కార్మికుల పరిమితి ఉండగా, కొత్త నియమావళిలో అది 50కి పెరిగింది.

కాలుష్య నియంత్రణ మండలి సమ్మతులు

జల కాలుష్య నివారణ చట్టం 1974లోను, వాయు కాలుష్య నివారణ చట్టం 1981లోను వచ్చాయి. నిర్మాణం పూర్తయిన తరువాత ఉత్పత్తి ప్రారంభించటానికి ఈ చట్టాల క్రింద నిర్వహణ సమ్మతి (సీఎఫ్ఓ) పొందాలి. ఇది నిర్ణీత కాలానికి మాత్రమే చెల్లుతుంది. సమ్మతి పత్రంలో పేర్కొన్న వస్తువులను, పేర్కొన్న పరిమాణంలోనే తయారుచేయాలి. కొత్త వస్తువు మొదలుపెట్టాలంటే సమ్మతిని మార్పించుకోవాలి.

పరిశ్రమలను కాలుష్య తీవ్రతను బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ వర్గాలుగా విభజించారు. 2016లో కాలుష్యం దాదాపు లేని పరిశ్రమలకు తెలుపు వర్గం, 2025లో వ్యర్థాల నిర్వహణ వంటి సేవలకు నీలి వర్గం చేర్చబడ్డాయి. ఔషధ ముడి పదార్థాల తయారీ ఎరుపు వర్గానికి చెందినది.

జీడిమెట్లలోని చిన్న పరిశ్రమలకు ఎవరికి వారు శుద్ధి కేంద్రం కట్టుకొనే స్తోమత లేకపోవటం వలన, పరిశ్రమలన్నీ కలిసి జీడిమెట్ల ఎఫ్లూయెంట్ ట్రీట్‌మెంట్ లిమిటెడ్ (జేఈటీఎల్) అనే సంస్థను ఏర్పరచుకున్నాయి. ఇది 1989లో పనిచేయటం ప్రారంభించింది. దేశంలోని తొలి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాలలో ఇది ఒకటి. పరిశ్రమల నుండి వ్యర్థజలాలు ట్యాంకర్లలో ఇక్కడికి చేరతాయి. ఇటువంటి ఉమ్మడి కేంద్రానికి పంపే నీటికి కూడా ప్రమాణాలు ఉంటాయి. అవి పాటించకుండా ట్యాంకరును నాలాలోనో, చెరువులోనో ఖాళీ చేయటం సమ్మతి షరతుల ఉల్లంఘన అవుతుంది.

ప్రమాదకర ఘనవ్యర్థాలకు 2016 నాటి నియమాల ప్రకారం మండలి నుండి వేరుగా అధికార పత్రం తీసుకోవాలి. సాధారణంగా ఈ వ్యర్థాలను 90 రోజులకు మించి ఆవరణలో నిలువ ఉంచరాదు. తరలించే ప్రతిసారీ మేనిఫెస్టు అనే రవాణా పత్రం నింపాలి. జీడిమెట్లకు సమీపంలోని దుండిగల్ వద్ద 2001 నుండి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ కేంద్రము ఉన్నది.

పెట్రోలియం, బాయిలర్లు, అగ్నిమాపక అనుమతులు

టోలువీన్, హెక్సేన్ వంటి ద్రావకాలు పెట్రోలియం చట్టం, 1934 పరిధిలోకి వస్తాయి. వీటికి లైసెన్సును నాగపూర్ ప్రధాన కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) పరిధిలో ఇస్తారు. ద్రవాలను జ్వలన స్థానాన్ని బట్టి మూడు తరగతులుగా విభజించారు.

* ఎ తరగతి: 23 డిగ్రీల సెంటీగ్రేడు కన్నా తక్కువ. అమ్మకానికి కానిది 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చును.
* బి తరగతి: 23 నుండి 65 డిగ్రీల లోపు. 1,000 లీటర్లకు మించని పాత్రలలో మొత్తం 2,500 లీటర్ల వరకు లైసెన్సు అవసరం లేదు.
* సి తరగతి: 65 నుండి 93 డిగ్రీల లోపు. 45,000 లీటర్ల వరకు లైసెన్సు అవసరం లేదు.

టోలువీన్ జ్వలన స్థానం సుమారు 4 డిగ్రీలు. అనగా హైదరాబాదు చలికాలపు ఉష్ణోగ్రతలో కూడా దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకోగలదు. పది డ్రమ్ముల టోలువీన్ ఉన్న షెడ్డుకు లైసెన్సు ఎందుకు కావాలో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఆవిరి బాయిలర్ల విషయంలో 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. 25 లీటర్లకు మించిన సామర్థ్యం గల బాయిలర్లు దీని పరిధిలోకి వస్తాయి. వీటిని నమోదు చేయించి, తనిఖీ తరువాత ధ్రువీకరణ పొందాలి. ఈ పత్రం సాధారణంగా 12 నెలలకు మించదు. బాయిలరును యోగ్యతా పత్రం గల అటెండెంటు మాత్రమే నడపాలి. అధిక వోల్టేజి విద్యుత్ పరికరాలకు ప్రభుత్వ విద్యుత్ తనిఖీ అధికారి ఆమోదం, భవనానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కూడా అవసరమవుతాయి. పూర్వపు రాష్ట్రంలో అగ్నిమాపక సేవల చట్టం 1999లో వచ్చింది.

ఔషధ లైసెన్సులు

ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 1940లోను, దాని నియమాలు 1945లోను వచ్చాయి. లైసెన్సులు నియమాలలోని ఫారముల సంఖ్యలతోనే వ్యవహరించబడతాయి.

* ఫారం 25: సాధారణ ఔషధాల, ఔషధ ముడి పదార్థాల తయారీ.
* ఫారం 25ఎ: సొంత కర్మాగారం లేకుండా మరొకరి కర్మాగారంలో తయారు చేయించుకొనే రుణ లైసెన్సు.
* ఫారం 28: సి, సి(1) షెడ్యూళ్ళలోని ఇంజెక్షన్లు, జీవసంబంధ ఔషధాల తయారీ.
* ఫారం 28డి: టీకాలు, సీరంలు మొదలైనవి. దీనికి కేంద్ర అధికారి ఆమోదం కూడా కావాలి. శామీర్‌పేట సమీపంలోని జీనోమ్ వ్యాలీలో ఉన్నటువంటి టీకాల పరిశ్రమలకు ఇది వర్తిస్తుంది.
* ఫారం 20, 21: మందుల చిల్లర విక్రయం.
* ఫారం 20బి, 21బి: టోకు విక్రయం.

తయారీ లైసెన్సుకు షెడ్యూలు ఎం ప్రకారం తగిన ఆవరణ, యంత్రాలు, పరీక్షాశాల, అర్హత గల సాంకేతిక సిబ్బంది ఉండాలి. ఈ షెడ్యూలు 2023 డిసెంబరులో సవరించబడింది. చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇచ్చిన గడువు షరతులతో 2025 డిసెంబరు 31 వరకు పొడిగించబడింది. మందుల దుకాణానికి కనీసం 10 చదరపు మీటర్ల స్థలం, శీతల పరికరం, నమోదైన ఫార్మసిస్టు ఉండాలి. 2017 సవరణ తరువాత లైసెన్సులకు ముగింపు గడువు లేదు గాని ప్రతి అయిదు సంవత్సరాలకు నిలుపుదల రుసుము చెల్లించాలి. యాజమాన్య నిర్మాణం మారితే పాత లైసెన్సు మూడు నెలలు మాత్రమే చెల్లుతుంది.

మత్తు కలిగించే ఔషధాలకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా వర్తిస్తుంది. హైదరాబాదు శివార్లలోని మూతపడిన కర్మాగారాలలో రహస్యంగా ఆల్ప్రజోలం తయారుచేసి కల్లులో కలపటానికి తరలిస్తూ పట్టుబడిన ఘటనలు పలుమార్లు జరిగాయి.

ఇతర లైసెన్సులు

ఆహార పదార్థాలు: ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 క్రింద లైసెన్సు నియమాలు 2011 ఆగస్టు 5న అమలులోకి వచ్చాయి. వ్యాపార పరిమాణాన్ని బట్టి నమోదు, రాష్ట్ర లైసెన్సు, కేంద్ర లైసెన్సు అని మూడు అంచెలు ఉన్నాయి. 14 అంకెల లైసెన్సు సంఖ్య ప్యాకెట్టుపై ముద్రించాలి.

తూనికలు, కొలతలు: 2009 నాటి చట్టం ప్రకారం త్రాసులు, తూనిక పరికరాలు తయారుచేసేవారు, అమ్మేవారు, మరమ్మతు చేసేవారు లైసెన్సు పొందాలి. వాడేవారు నిర్ణీత కాలానికి ఒకసారి వాటికి ముద్ర వేయించాలి.

రవాణా: రసాయనాల ట్యాంకరు నడిపే డ్రైవరుకు రవాణా వాహన లైసెన్సుతో పాటు ప్రమాదకర సరుకుల శిక్షణ పొందినట్లు నమోదు ఉండాలి. రవాణా వాహనం నడపటానికి కనీస వయస్సు 20 సంవత్సరాలు. 2019 సవరణ ప్రకారం రవాణా వాహన లైసెన్సు అయిదు సంవత్సరాలు, ప్రమాదకర సరుకుల వాహనాలకు మూడు సంవత్సరాలు చెల్లుతుంది.

ఏకగవాక్ష విధానము

ఇన్ని కార్యాలయాల చుట్టూ తిరగవలసిన శ్రమను తగ్గించటానికి 2002లో పూర్వపు ఆంధ్రప్రదేశ్ ఏకగవాక్ష అనుమతుల చట్టం తెచ్చింది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2014లో టీఎస్-ఐపాస్ చట్టం వచ్చి, 2015 జూన్ 12న అమలు ప్రారంభమైంది. దీని క్రింద ఒకే దరఖాస్తుతో వివిధ శాఖల అనుమతులు కోరవచ్చును. 200 కోట్ల రూపాయలకు మించిన భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగిలినవాటికి 30 రోజులు గరిష్ఠ గడువు. ఈ విధానంలో దరఖాస్తుదారు స్వీయ ధ్రువీకరణ ఇస్తారు. గడువు తగ్గింది గాని షరతులు తగ్గలేదు. స్వీయ ధ్రువీకరణ తప్పని తేలితే బాధ్యత దరఖాస్తుదారుదే.

ఉదాహరణలు

ఆరుగురు పనిచేసే లేతు మిషన్ల వర్క్‌షాపుకు కార్మికుల సంఖ్య దృష్ట్యా కర్మాగారపు లైసెన్సు అవసరం లేదు. విద్యుత్తు కనెక్షను, స్థానిక వ్యాపార అనుమతి, తన కాలుష్య వర్గాన్ని బట్టి మండలి సమ్మతి ఉంటే సరిపోతుంది.

అదే వీధిలో 30 మందితో నడిచే ఔషధ ముడి పదార్థాల కర్మాగారానికి వరుసగా పర్యావరణ అనుమతి, స్థాపనా సమ్మతి, భవన, కర్మాగార నమూనాల ఆమోదం, ద్రావకాల నిల్వకు పెట్రోలియం లైసెన్సు, బాయిలరు ధ్రువీకరణ, అగ్నిమాపక పత్రం, కర్మాగారపు లైసెన్సు, నిర్వహణ సమ్మతి, ప్రమాదకర వ్యర్థాల అధికార పత్రం, ఫారం 25 లైసెన్సు అవసరమవుతాయి. ఒకదానిలో చూపిన ఉత్పత్తి పరిమాణానికి, మరొకదానిలో చూపినదానికి పొంతన ఉండాలి.

ప్రాముఖ్యము

2020 మే 7న విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్.వెంకటాపురం వద్ద పాలిమర్ కర్మాగారం నుండి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించారు. ఆ కర్మాగారం చాలా కాలం చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేకుండానే నడిచిందని తరువాత వెల్లడైంది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని ఔషధ అనుబంధ పదార్థాల కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు. కార్యాలయపు గోడకు వ్రేలాడే లైసెన్సు పత్రం ప్రమాదాన్ని ఆపదు. అందులోని షరతుల అమలు, తనిఖీ మాత్రమే ఆపగలవు.

పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనలకు పూర్వం జైలుశిక్ష ఉండేది. జన విశ్వాస్ చట్టం, 2023 ద్వారా 2024 ఏప్రిల్ 1 నుండి దాని స్థానంలో 10 వేల రూపాయల నుండి 15 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే పద్ధతి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో బాహ్యవలయ రహదారికి లోపలనున్న పారిశ్రామిక భూములను ఇతర వినియోగాలకు మార్చుకొనే విధానాన్ని ప్రకటించింది. పరిశ్రమ తరలిపోయినా లైసెన్సులు దానితో తరలిపోవు. ఈ అనుమతులలో అధిక భాగం స్థలాన్ని బట్టి ఇచ్చేవి కనుక కొత్త చోట తిరిగి మొదటి నుండి పొందవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* కుత్బుల్లాపూర్ మండలం
* హుస్సేన్‌సాగర్
* భోపాల్ దుర్ఘటన
* జీనోమ్ వ్యాలీ